పల్లీల దారిలో నూనె లెక్క

మీరెప్పుడైనా సంక్రాంతి వెళ్ళాక నాగర్‌కర్నూలు నుంచి వనపర్తి మీదుగా గద్వాలకు బస్సులో వెళ్ళారా? వెళ్ళకపోతే ఒకసారి వెళ్ళి చూడండి. కిటికీ పక్క సీటు దొరికితే మరీ మంచిది. దారి పొడవునా చేలల్లో పల్లి చెట్లు పీకుతుంటారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ కాయలు తెంపుతుంటారు. మట్టి వాసన, పచ్చి పల్లికాయ వాసన కలిసిపోయి బస్సులోకి వస్తాయి. మా వైపు పల్లీలంటాం, గద్వాల వైపు బుడ్డలనే మాట కూడా వింటాం. పేరేదైనా యాసంగిలో మా మూడూళ్ళకూ అదే బంగారం.

2016 అక్టోబరు 11న ఈ మూడూ పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి వేర్వేరు జిల్లాలయ్యాయి. కానీ వంటింట్లోకి వెళ్ళి చూస్తే మూడూ ఒక్కటే. పల్లి చట్నీ, పల్లికారం, పల్లీలు నూరి వేసిన గుత్తి వంకాయ, వాటి మీద తేలే నూనె! ఆ నూనె గురించే ఈ నాలుగు మాటలు. మీలో ఎవరైనా బరువు తగ్గాలని తంటాలు పడుతుంటే నా అనుభవం పనికొస్తుందేమో చూడండి.

కందెన ఊరు

మాది నాగర్‌కర్నూలు. ఈ ఊరి పేరులోనే నూనె ఉందంటారు! పూర్వం ఎడ్లబండ్ల ఇరుసులకు పూసే కందెన ఇక్కడ దొరికేదట. అందుకే కందనూలు అయిందని కొందరు చెబుతారు. కాదు, నాగన, కందన అనే అన్నదమ్ముల పేర్ల మీద వచ్చిందని ఇంకొందరంటారు. ఏది నిజమో గానీ, నా మోకాళ్ళకు మాత్రం ఏ కందెనా పనిచేయని రోజులు వచ్చాయి. మెట్లెక్కితే నొప్పి, కింద కూర్చుంటే లేవలేను. డాక్టరుగారు తూకం యంత్రం ఎక్కించారు. 74 కిలోలు! నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. "మందు తర్వాత సంగతి, ముందు బరువు దించమ్మా" అన్నారు.

అప్పుడే నేనొక తెలివితక్కువ పని చేశాను. గానుగ నూనె వాడితే ఒళ్ళు రాదని ఎవరో చెప్పగా ప్యాకెట్ నూనె మానేసి గానుగ పల్లి నూనె తెప్పించాను. మంచి నూనే కదా అని ధారాళంగా పోశాను. పోపుకు ఒక గరిటె, కూర దించేముందు కమ్మదనానికి ఇంకో అర గరిటె. ఆరు నెలలు గడిచాక చూసుకుంటే మూడు కిలోలు పెరిగాను! తగ్గడం అటుంచి, ఉన్నదానికి తోడయ్యాయి.

తప్పు నూనెది కాదు, నా చేతిది. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. పల్లి, నువ్వు, కుసుమ, పొద్దుతిరుగుడు, పామాయిల్, గానుగది, రిఫైండ్‌ది... అన్నీ ఈ లెక్కలో అక్కచెల్లెళ్ళే. ఒక టీ చెంచాకు దాదాపు 40 కేలరీలు, మూడు చెంచాలు పట్టే పెద్ద చెంచాకు 120. గుండెకు ఏది మంచిది, రుచికి ఏది మంచిది అన్నవి వేరే ప్రశ్నలు. నడుము కొలత దగ్గరికి వచ్చేసరికి ఎంత పోశామన్నదే ప్రశ్న.

ఆ రోజు సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. మా ఇంట్లో నలుగురం. నెలకు అయిదు లీటర్ల నూనె. లీటరు తూకం 910 గ్రాములు. అంటే మనిషికి రోజుకు దాదాపు 38 గ్రాములు! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీల భోజనానికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు చాలన్నారు. నాలాగా ఇంటిపట్టున ఉండి తేలిక పనులు చేసుకునే ఆడవాళ్ళకు 20 గ్రాములంటే నాలుగు టీ చెంచాల పైచిలుకు, అంతే. బయట తినే బజ్జీ, మిక్చర్ నా లెక్కలో లేనే లేవు.

మర్నాడే నూనె సీసా మీద తేదీ రాసి అంటించాను. గరిటె తీసేసి సీసా పక్కన టీ చెంచా పెట్టాను. అదే నా మొదటి మందు.

వనపర్తిలో అమ్మ అలక

ఇలా రెండు నెలలు గడిచాక అమ్మను చూడడానికి వనపర్తి బయలుదేరాను. దారిలో పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం, బిజినేపల్లి దాటి వెళ్ళాలి. పాలెం ఆముదం వంగడాలకు పేరున్న చోటు. ఒకప్పుడు మా పాలమూరు మెట్ట చేలల్లో ఎక్కడ చూసినా ఆముదాలే కనిపించేవి. వనపర్తి అనగానే అందరూ రాజావారి ప్యాలెస్ గుర్తుచేస్తారు. అందులో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. నాకు మాత్రం పల్లీ బస్తాలు గుట్టలుగా పడి ఉండే మార్కెట్ యార్డే గుర్తొస్తుంది.

ఊళ్ళో కరెంటుతో తిరిగే కట్టె గానుగ దగ్గర కాసేపు నిలబడి చూశాను. పప్పు నలుగుతుంటే ఎంత కమ్మటి వాసనో! లీటరు నూనె రావాలంటే రెండున్నర కిలోల దాకా పల్లీ పప్పు పడుతుందట. మిగిలిన చెక్క పశువులకు పోతుంది. "దీంతో ఒళ్ళు రాదంటరు, నిజమేనా?" అని అడిగాను. గానుగాయన నవ్వి, "నూనె నూనేనమ్మా. మంచిగుంటదని చెప్త గానీ సన్నగైతవని నేనెట్ల చెప్త?" అన్నాడు. ఆ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇంటికెళ్ళాక అసలు కథ మొదలైంది. అమ్మను కూర్చోబెట్టి ఆ పూట వంట నేనే చేశాను. ఆరుగురికి వంకాయ కూర, ఆరు చెంచాల నూనె. అమ్మ కడాయిలోకి తొంగి చూసి మొహం ముడుచుకుంది.

"ఏంది బిడ్డా, గింతే ఏసినవ్? నూనె లేని కూర గూడ కూరనా?"

"లెక్క ప్రకారం ఇంతేనమ్మా."

"కరువుల కొలిచినం. ఇప్పుడేం కరువొచ్చిందని కొలుస్తున్నవే?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే అమ్మ చెప్పింది నిజం. మా అమ్మమ్మ నూనెను గిద్దెతో కొలిచి తెచ్చుకునేదట. చిన్న సీసాలో తెచ్చిన ఆ నూనె నెలంతా రావాలి. పోపుకు చుక్క, తలకు చుక్క, దేవుడి దీపానికి చుక్క. గారెలు, బూరెలు పండక్కి తప్ప లేవు. వానలు పడక, పనుల్లేక ఊళ్ళకు ఊళ్ళే వలస వెళ్ళిన నేల మాది. అటువంటి ఇంట్లో పుట్టిన మా అమ్మకు, కూర మీద నూనె తేలడమంటే ఇల్లు నిలబడ్డదని గుర్తు. వచ్చినవాళ్ళకు నూనె కారేట్టు వండి పెట్టడమంటే మర్యాద, ప్రేమ. నేను చెంచాతో కొలిస్తే ఆమెకు ఆ పాత సీసా గుర్తొచ్చింది.

"అమ్మా, అమ్మమ్మ లేక కొలిచింది. నేను మోకాళ్ళు నిలబడాలని కొలుస్తున్నా. నీకు బీపీ మాత్ర, నాకు ఈ చెంచా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. కూర మాత్రం రెండోసారి పెట్టించుకుంది. మర్నాడు నేను బయలుదేరుతుంటే అయిదు లీటర్ల గానుగ నూనె డబ్బా తెచ్చి సంచిలో పెట్టింది! వద్దనలేకపోయాను. మీరైనా వద్దనగలరా?

బీచుపల్లి మీదుగా గద్వాలకు

వనపర్తి నుంచి పెబ్బేరుకు వచ్చి, హైవే ఎక్కి కృష్ణ దాటితే బీచుపల్లి. ఆంజనేయస్వామికి బస్సులోంచే దండం పెట్టుకున్నాను. ఇక్కడే రైతుల పల్లీలు ఆడించడానికి ఆయిల్‌ఫెడ్ వారు పెట్టిన మిల్లు ఏళ్ళ తరబడి మూతపడి ఉండిపోయింది. ఇప్పుడు ఈ జిల్లాల్లో ఆయిల్‌పామ్ తోటలు వస్తున్నాయి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే. మనం ఒక్కో ఇంట్లో నెలకు ఒక లీటరు తగ్గించినా మన సంచికే కాదు, దేశానికీ ఆదా.

గద్వాలలో మా చెల్లెలుంటుంది. సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి, నేత చీరల దుకాణాలు అన్నీ తిప్పి చూపించింది. నూలు చీరకు పట్టు అంచు అతికే ఆ పనితనం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. మరి పొద్దున టిఫిన్? ఉగ్గాని, మిరపకాయ బజ్జీ! గద్వాలకు అటు రాయచూరు, ఇటు కర్నూలు దగ్గర కదా, ఆ రుచి ఇక్కడికీ వచ్చేసింది. నేను ఉగ్గాని తిన్నాను, బజ్జీ ఒక్కటి తీసుకున్నాను. "అక్క మొత్తానికి మానేసిందనుకున్న" అని చెల్లెలు నవ్వింది. మానేస్తే మూడోనాడు మూడు తింటాం, ఒక్కటి తింటే ఒక్కటితో పోతుంది. ఏమంటారు?

తిరుగు ప్రయాణంలో మా మరిది జూరాల డ్యాం మీదుగా కారులో తీసుకొచ్చాడు. అక్కడి చేపల సంగతి మీరు వినే ఉంటారు. డ్యాం దగ్గర కొట్ల ముందు కారం పట్టించిన చేపలు నూనెలో సుయ్‌మంటూ వేగుతుంటాయి. "వదినా, ఈడిదాక వచ్చి తినకుండ పోతే కృష్ణమ్మకు కోపమొస్తది" అన్నాడు. సరేనని దిగాను. కానీ కూర్చునే ముందు కడాయిలో నూనె చూశాను. మొదటి కొట్లో నల్లగా, చిక్కగా ఉంది. పక్క కొట్లో అప్పుడే కొత్త నూనె పోశారు, అక్కడ కూర్చున్నాం. రెండు ముక్కలు తిని, రాత్రికి ఒక జొన్నరొట్టె, పచ్చిపులుసుతో సరిపెట్టాను. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తే ఒంటికి చెడు చేసే పదార్థాలు పుడతాయి. అందుకే కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి హోటళ్ళు వాడే నూనెకు ఒక హద్దు పెట్టింది. ఇంట్లో మనకు మనమే హద్దు పెట్టుకోవాలి.

మీరూ ఇలా చేసి చూడండి

* నూనె డబ్బా మూత తీసిన రోజు తేదీ రాయండి. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్ల లోపు రావాలి. అలా వస్తే మనిషికి రోజుకు 23 గ్రాములు దాటదు.

* ఏ రోజు నూనె ఆ రోజు పొద్దున్నే చిన్న గిన్నెలో కొలిచి పెట్టుకోండి. సాయంత్రానికి గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకు అంతే.

* పల్లీలు కూడా లెక్కలోనివే. వాటిలో దాదాపు సగం నూనే. గుప్పెడు, అంటే 30 గ్రాముల పల్లీల్లో 170 కేలరీలుంటాయి. మాంసకృత్తులూ ఉంటాయి కాబట్టి మానక్కర్లేదు. పల్లి చట్నీ చేసిన పూట కూరలో నూనె తగ్గించండి.

* వేయించే వంట వారానికి ఒక్కసారి చాలు. నూనె సరిగ్గా కాగకముందే వేస్తే పిండి నూనె పీల్చేస్తుంది. పొగలు వచ్చేదాకా కాచినా మంచిది కాదు. మిగిలిన నూనె వడకట్టి ఒకటి రెండు రోజుల్లో పోపుకు వాడేయండి, మళ్ళీ వేయించడానికి వద్దు.

* ఒకే నూనె ఏడాదంతా వాడకుండా మార్చి మార్చి వాడండి. నెయ్యి, డాల్డా కూడా ఇదే కొలతలోకి వస్తాయని మరవకండి.

* నూనె పూర్తిగా మానేయకండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు మాట ప్రకారమే నడుచుకోండి.

తక్కువ నూనెతో గుత్తి వంకాయ (నలుగురికి)

అర కిలో లేత వంకాయలు, నాలుగు పెద్ద చెంచాల పల్లీలు, ఒక పెద్ద చెంచా నువ్వులు, చెంచా ధనియాలు, కొంచెం అల్లం వెల్లుల్లి, చింతపండు, ఒక ఉల్లిగడ్డ, కారం, ఉప్పు, పసుపు, నూనె మూడే టీ చెంచాలు. పల్లీలు, నువ్వులు, ధనియాలు నూనె లేకుండా వేయించి, అల్లం వెల్లుల్లి, చింతపండు, ఉప్పు, కారం చేర్చి ముద్దగా నూరుకోండి. వంకాయలను నాలుగు చీలికలు చేసి ఆవిరి మీద అయిదారు నిమిషాలు ఉంచండి. తర్వాత ముద్ద కూరండి. నూనెలో జీలకర్ర, ఉల్లి ముక్కలు, పసుపు వేసి వేగాక వంకాయలు పెట్టి, మిగిలిన ముద్ద, చిన్న గ్లాసు నీళ్ళు పోసి మూత పెట్టండి. సన్న సెగ మీద పన్నెండు నిమిషాలు చాలు. పల్లీలోని నూనే పైకి తేలుతుంది. అమ్మకు పెట్టి చూడండి, తక్కువ వేశారని కనిపెట్టలేదు!

ఇది మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. 77 దాకా పోయినదాన్ని 71కి వచ్చాను. నూనె ఒక్కటే కాదు లెండి, రాత్రి అన్నం బదులు రొట్టె, కేసరి సముద్రం కట్ట మీద రోజూ నడక కూడా ఉన్నాయి. మోకాళ్ళు మునుపటంత సతాయించడం లేదు.

అమ్మ ఇచ్చిన డబ్బా మీద కూడా తేదీ రాశాను. నెల తిరిగేసరికి అమ్మ ఫోన్ చేసింది. "నూనె అయిపోయిందా, పంపనా?" అంటుందనుకున్నాను. "ఎంత మిగిలింది బిడ్డా?" అని అడిగింది. "రెండు లీటర్ల మీదనే ఉందమ్మా" అన్నాను. కాసేపాగి, "నేను గూడ గరిటె తీసి లోపల పెట్టిన" అంది.

మీ ఇంటి నూనె సీసా మీద తేదీ ఉందా? లేకపోతే ఇవాళే రాయండి.