ఎండు సంపు

హైదరాబాదులో పెరిగినవాళ్ళకి సంపు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గేటు పక్కన ఇనప మూత, దాని కింద నల్లా నీళ్ళు, మోటరు వేస్తే మేడ మీద ట్యాంకు నిండటం, ఆపడం మర్చిపోతే గోడవెంట నీళ్ళు కారడం. అది ఇంగ్లీషు మాటని నాకు చాలాకాలం తెలీదు. కారు ఇంజను అడుగున ఆయిలు నిలవుండే తొట్టిని కూడా సంపే అంటారు.

మిషిగన్‌లో ఉండే మా బావ తన 1993 మాజ్డా ఆర్‌ఎక్స్-7కి డ్రై సంప్ పెడతానన్నప్పుడు అక్క నాకు ఫోన్ చేసింది. "నువ్వు చెప్తే వింటాడ్రా, ఆ పిచ్చేదో మాన్పించు." ఇల్లు కొనడానికి దాస్తున్న డబ్బులోంచి తీయాలి మరి. పంపు, ట్యాంకు, గొట్టాలు అన్నీ కలిపితే ఓ పాత కారు వచ్చేంత ఖర్చు. అమ్మకి చెబితే ఒకటే నవ్వు. "సంపు ఎండబెట్టుకోడానికి డబ్బులు తగలెయ్యడమేంట్రా? ఇక్కడ ఏప్రిలొస్తే దానంతటదే ఎండుతుంది."

మాన్పించడానికే వెళ్ళాను. అయితే ముందు అదేమిటో అర్థం చేసుకోవాలి కదా.

ఆ కారులో ఉన్నది రోటరీ ఇంజను. పైకీ కిందకీ ఆడే పిస్టన్లు ఉండవు. రుబ్బురోలుని పక్కకి పడుకోబెట్టి, గుంతని నడుము నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో తొలిచి, పొత్రాన్ని ఉబ్బిన అంచుల త్రికోణంగా చెక్కారనుకోండి. ఆ త్రికోణమే రోటరు. ఇరుసు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ ఆలోచన జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్‌ది. దాన్ని పట్టు విడవకుండా నిలబెట్టింది మాత్రం హిరోషిమా కంపెనీ. యమమోతో కెనిచి కింద 47 మంది ఇంజనీర్లు పనిచేశారు. రోటరు మూలల్లోని సీళ్ళు లోపలి గోడ మీద గీసిన గీతల్ని వాళ్ళు దయ్యం గోళ్ళ గుర్తులు అనేవారట. ఆ గీతల్ని జయించి 1967లో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి తెచ్చారు. 1991లో నాలుగు రోటర్ల 787బి లే మాన్ 24 గంటల పందెం గెలిచింది. చివర్లో నడిపిన జానీ హెర్బర్ట్ ఒంట్లో నీరింకిపోయి, బహుమతి వేదిక కూడా ఎక్కలేకపోయాడు.

ఈ ఇంజనులో ఆయిలుకి మూడు పనులు. ఇరుసు బేరింగుల్లో పల్చటి పొరగా నిలబడి లోహానికి లోహం తగలకుండా చూడాలి. రోటర్ల లోపలికి చిమ్మి వాటి వేడి లాక్కురావాలి. మూడోది, కొంచెం కొంచెంగా మంటలోకి వెళ్ళి, సీళ్ళని తడిపి, కాలిపోవాలి. అంటే ఆయిలు తాగడం ఈ ఇంజనుకి రోగం కాదు, ఆహారం. "మన లూనాలో పెట్రోలుకి ఆయిలు కలిపేవాళ్ళం చూడు, అలాగే" అన్నాడు బావ.

లాప్‌టాప్‌లో గీత చూపించాడు. ట్రాక్ మీద పొడుగాటి కుడి మలుపులో ఆయిలు ప్రెషరు ఒక్కసారి కిందకి పడిపోయి, మళ్ళీ లేచింది. రెండు సెకన్లు కూడా లేదు.

"ఆయిలు తగ్గిందా బావా?"

"లేదురా, నిండుగా ఉంది. ఉండాల్సిన చోట లేదు."

మలుపులో పక్కకి లాగే బలం కారు బరువంత అయితే, తొట్టిలో ఆయిలు 45 డిగ్రీలు వాలిపోతుంది. అదంతా ఓ గోడకి ఎక్కి కూర్చుంటే పంపు గాలి పీలుస్తుంది. 7000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇరుసు సెకనుకి 116 చుట్లు పైనే తిరుగుతుంది. ఆ చుట్లన్నీ ఆయిలు లేకుండా తిరిగితే బేరింగు ఎంతసేపు బతుకుతుంది? ఇది కారు చేసినవాళ్ళ తప్పు కాదు. రోడ్డు కోసం చేసిన తొట్టి అది, ట్రాక్ టైర్ల పట్టుని మోయమంటున్నది మనం.

డ్రై సంప్ అంటే మన ఇంటి ఏర్పాటే. ఇంజను కింద పడ్డ ఆయిలుని పడ్డట్టే పంపులు తోడేస్తాయి. నురగ, గాలి కూడా వస్తాయి కాబట్టి, ఇంజనులోకి పంపేదానికన్నా తోడేది ఎక్కువుండాలి. అదంతా సన్నగా, పొడుగ్గా ఉండే ట్యాంకులోకి వెళ్ళి సుడి తిరుగుతూ దిగుతుంది. గాలి పైకి పోతుంది, ఆయిలు అడుక్కి చేరుతుంది. అక్కణ్ణించి ఇంకో పంపు ఇంజనుకి అందిస్తుంది. కారు ఎటు వాలినా ట్యాంకు అడుగున ఆయిలు ఉంటుంది. సంపు ఎప్పుడూ ఎండిపోయే ఉండాలి, అదే లెక్క.

అక్క అంతా విని ఒక్కటే అడిగింది. "ట్రాక్‌కి వెళ్ళడం మానేస్తే ఆయిలు ఎక్కడికీ పోదు కదా?"

దానికి ఇంజనీరింగులో జవాబు లేదు. బావ తలొంచుకుని, "అప్పుడు ఆ కారెందుకు?" అన్నాడు. గట్టిగా కూడా కాదు. పదకొండేళ్ళుగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న మనిషి. ఉద్యోగం మారాలన్నా, అమ్మని చూడ్డానికి వెళ్ళాలన్నా ముందు లాయర్ని అడగాలి. ఎవర్నీ అడక్కుండా తిప్పే స్టీరింగు అదొక్కటే. ఆ సంగతి అక్కకి నాకన్నా బాగా తెలుసు. కానీ ఆ పదకొండేళ్ళూ తనవి కూడా. సొంత గోడకి మేకు కొట్టుకోవాలని తనకీ ఉంటుంది.

నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఆయిలు విషయంలో బావది రైటు, డబ్బు విషయంలో అక్కది రైటు అన్నాను. రెండ్రోజులు ఇంట్లో ముగ్గురం సినిమాల గురించి మాట్లాడుకున్నాం. మూడో రోజు అక్కే తేల్చింది. ఇంటి డబ్బు ముట్టుకోవద్దు. విడి టైర్ల సెట్టూ, కొత్త సీట్లూ అమ్ముకో. చాలని డబ్బు పోగయ్యేదాకా ట్రాక్ ఊసు లేదు. పని ఎవరికో ఇవ్వకుండా ఇంట్లోనే చేసుకో.

ఏడాది పట్టింది. చలికాలం సెలవుల్లో నేనూ వెళ్ళాను. పాత పంపునీ, దాన్ని తిప్పే చెయినునీ తీసేశాం. తొట్టి బదులు బల్లపరుపు పళ్ళెం బిగించాం. కొత్త పంపు బయట వేలాడుతుంది, ఇరుసు పుల్లీ నుంచి పళ్ళ బెల్టుతో తిరుగుతుంది. అది తెగితే అన్నీ ఆగిపోతాయి కాబట్టి బెల్టు చూడ్డం ఇక రోజువారీ పని. కాలే ఆయిలుకి విడిగా చిన్న డబ్బా పెట్టాడు. ట్యాంకు డిక్కీలో. సూట్‌కేసు పట్టే చోటు పోయిందని అక్క గుర్తుచేసింది.

మొదటిసారి తిప్పేముందు బెల్టు తీసేసి, పంపుని డ్రిల్లు మెషీనుతో తిప్పి గొట్టాలన్నీ నింపాడు. తర్వాత నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పేసి, బెల్టు ఎక్కించి, నిప్పు లేకుండా ఉత్తి స్టార్టరుతో తిప్పాలి. బావ బెల్టు దగ్గర, నేను గొట్టాల దగ్గర. తాళంచెవి తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. అక్క చపాతీ పిండి చేతులు కడుక్కొచ్చి సీట్లో కూర్చుంది.

"ముల్లు లేస్తే చెప్పు" అన్నాడు బావ.

స్టార్టరు మూలిగింది. ఆపి, మళ్ళీ తిప్పింది. ఆపి, మళ్ళీ.

"లేవట్లేదు," అంది. కాసేపాగి, "ఆగు ఆగు, కదిలింది."

"ఎంత?"

"నాకేం తెలుసు, నువ్వే వచ్చి చూసుకో" అంది కానీ, సీట్లోంచి లేవలేదు.