ఫోర్‌మన్ ముందు జిమ్మీ యంగ్, మా రూంలో మేము

పోస్టు కొంచెం పెద్దదే. పరీక్షల ముందు బాక్సింగ్ గోల ఏటిరా అని తిట్టుకోకండి. హాస్టల్లో మా రూంలో నలుగురం ఉంటాం. నలుగురివీ పాడేరు పైన ఊళ్ళే. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గుమ్మం ఎక్కింది మేమే మొదలు. అందులో ఒకడు బాక్సింగ్ చేస్తాడు. ఈ సంగతి వాడిది, కానీ వాడు రాయడు, అందుకని మేం రాస్తున్నాం. పేరు పెట్టొద్దన్నాడు. మావాడు అనుకోండి చాలు.

పోయిన ఏడాది కాలేజీల పోటీల్లో మావాడికి మొదటి బౌటే ఒక గట్టి పంచ్ ఉన్నోడితో పడింది. ఆ కుడి చెయ్యి తగిలితే అవతలోడు లేవడని అక్కడ అందరూ చెప్పుకుంటున్నారు. మావాడు ముందు రాత్రి నిద్రే పోలేదు. అంటే సగం అక్కడే ఓడిపోయాడు. మర్నాడు మొదటి రౌండు కూడా పూర్తవలేదు, రిఫరీ ఆపేశాడు. నెల రోజులు స్పారింగ్ వద్దని డాక్టర్ చెప్పాడు. కంటి కింద దెబ్బకి ఇంట్లో బండి మీంచి పడ్డానని చెప్పాడు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, నమ్మలేదని మాకు తెలుసు.

తర్వాత ప్రాక్టీసుకి వెళ్ళాడు గానీ మనిషి మారిపోయాడు. ఎవరు చెయ్యి ఎత్తినా కళ్ళు మూసుకుని నిటారుగా వెనక్కి వెళ్ళిపోవడమే. వెనక్కి, వెనక్కి, తాళ్ళ దాకా. ఒకరోజు కోచ్ సార్ ఆపి, "నువ్వు తప్పించుకోవట్లేదురా, పారిపోతన్నావు. ముందు జిమ్మీ యంగ్‌ని చూడు, తర్వాత రా" అన్నారు.

ఎవడీ జిమ్మీ యంగ్? ఆలీ తెలుసు, టైసన్ తెలుసు. ఈ పేరు మేమెవరం వినలేదు. ఆ రాత్రి ఒక్క ఫోన్ చుట్టూ నలుగురం కూర్చున్నాం. ఇంగ్లీషు కామెంటరీ సగం అర్థం కాక సౌండ్ తీసేశాం. అదే మంచిదైంది. మాట లేకపోతే కాళ్ళు కనపడతాయి.

ముందు జార్జ్ ఫోర్‌మన్ సంగతి చెప్పాలి. 1973లో జమైకాలో జో ఫ్రేజియర్‌ని రెండే రౌండ్లలో ఆరుసార్లు కింద పడేసి ప్రపంచ చాంపియన్ అయినవాడు. 1974లో ఆలీ చేతిలో ఓడాడు, ఆ కథ అందరికీ తెలుసు. 1977 మార్చిలో ప్యూర్టోరికోలోని శాన్ వాన్‌లో యంగ్ ముందు నిలబడేసరికి 45 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి. యంగ్‌దేమో ఫిలడెల్ఫియా. పెద్ద పంచ్ లేదు, నాకౌట్లు తక్కువ. ఇద్దరికీ 28 ఏళ్ళే.

మావాడిని కదిలించింది మాత్రం అంతకు ముందు సంగతి. 1973లో యంగ్‌ని ఎర్నీ షేవర్స్ మూడో రౌండులోనే ఆపేశాడు. ఆ కాలంలో అందరికంటే గట్టిగా కొట్టేవాళ్ళలో ఒకడని షేవర్స్‌కి పేరు. మరుసటి ఏడాది యంగ్ మళ్ళీ అదే షేవర్స్ ముందుకొచ్చాడు. పది రౌండ్లు నిలబడి డ్రా చేశాడు. ఇది విని మావాడు లేచి కూర్చున్నాడు. "అంటే వీడూ ఆగిపోయినోడేనా?" అన్నాడు.

1976లో ఆలీతో యంగ్ ఆడిన ఫైటు కూడా చూశాం. ఆలీ బరువు పెరిగిపోయి ఉన్నాడు, పంచ్‌లు సరిగ్గా పడట్లేదు. యంగ్ బాగానే ఆడుతున్నాడు. కానీ ఆలీ మీదకొచ్చినప్పుడల్లా తాళ్ళ మధ్యలోంచి తల బయటకి పెట్టేస్తాడు. ఒకసారి రిఫరీ లెక్కపెట్టడం కూడా మొదలెట్టాడు. పదిహేను రౌండ్లయ్యాక జడ్జీలు ఆలీకే ఇచ్చారు. యంగే గెలిచాడని చాలామంది ఇప్పటికీ అంటారు. మా రూంలో దీని మీద పెద్ద తగువే అయింది. చాంపియన్ బెల్టు కోసం వచ్చినోడు తల బయట పెడితే ఎవడిస్తాడు అని ఇద్దరం, దెబ్బలు లెక్కపెట్టండ్రా అని ఇద్దరం. ఇప్పటికీ తేలలేదు.

ఫోర్‌మన్ దగ్గర అదే మనిషి వేరేగా ఉన్నాడు. మన భాషలో చెప్తాం. గొడ్డలితో కొట్టేటప్పుడు మొన తగిలిన చోటే దెబ్బ. పూర్తిగా దూరంగా ఉంటే తగలదు, కామ దగ్గరికి వచ్చేసినా ఏమీ చెయ్యలేదు. మధ్యలో ఉన్నోడే తెగుతాడు. ఫోర్‌మన్ పంచ్‌లు వెడల్పుగా, ఊపుతో వస్తాయి. యంగ్ ఆ మధ్య దూరంలో ఆగడు. దూరంగా ఉంటే జాబ్ వేస్తాడు (జాబ్ అంటే మా ఇళ్ళల్లో ఒకటే, గవర్నమెంట్‌ది, ఇక్కడ ముందు చేత్తో చటుక్కున వేసే దెబ్బ). లేదంటే గబుక్కున లోపలికొచ్చి చేతులు పట్టేస్తాడు. ఫోర్‌మన్ రెండు చేతులతో నెట్టి మళ్ళీ తన దూరం తెచ్చుకోవాలని చూస్తాడు. నెట్టడానికీ బలం కావాలి కదా. గాలిలో పోయిన పంచ్‌కీ బలం ఖర్చే.

ఇంకోటి మేం రెండోసారి చూసినప్పుడు గానీ పట్టుకోలేదు. యంగ్ తప్పుకున్నాక ఊరుకోడు. చిన్నదో పెద్దదో ఒకటి తగిలించే వెళ్తాడు. దానికి నొప్పి ఉండదేమో, కానీ అవతలోడు ఈసారి కొట్టేముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఏడో రౌండులో మాత్రం తగిలింది. యంగ్ కాళ్ళు ఊగిపోయాయి. మావాడు ఫోన్ మీద చెయ్యి పెట్టేశాడు, చూడలేక. మేమే చెయ్యి తీశాం. యంగ్ పట్టుకున్నాడు, వేలాడాడు, ఊపిరి తెచ్చుకున్నాడు, రౌండు దాటించాడు. అందంగా ఏమీ లేదు. పన్నెండో రౌండులో కింద పడింది ఫోర్‌మన్. వెంటనే లేచాడు గానీ ముగ్గురు జడ్జీలూ యంగ్‌కే ఇచ్చారు. ఆ రాత్రి డ్రెస్సింగ్ రూంలో తనకి దేవుడు కనిపించాడని చెప్పి ఫోర్‌మన్ పదేళ్ళు బాక్సింగ్ వదిలేశాడు. తిరిగొచ్చి 1994లో 45 ఏళ్ళకి మళ్ళీ చాంపియన్ అయ్యాడు. గెలిచిన యంగ్ మాత్రం ఎప్పుడూ చాంపియన్ కాలేదు, 2005లో పోయాడు. ఇదేం న్యాయమో మాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి లైటు తీసేశాక మావాడు ఒక మాట అన్నాడు. సంతలో షావుకారు మిరియాల తూకంలో కొట్టేస్తే వాళ్ళ నాన్న తల దించుకుని వచ్చేసేవాడట. ఎందుకు నాన్నా అంటే, గొడవెందుకురా, తప్పుకోవాలి అనేవాడట. మాకందరికీ ఇంట్లో చెప్పింది అదే. క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటాం, సార్ ప్రశ్న అడిగితే పుస్తకంలోకి చూస్తాం. అదీ వెనక్కి జరగడమే కదా అనుకున్నాం. నాన్నలని తప్పు పట్టట్లేదు. వాళ్ళకి ఏ కోచ్ ఉన్నాడు?

మర్నాటి నుంచి మా పని దిండ్లు పట్టుకోవడం. వరండాలో ఒకడు కుడి చేత్తో దిండు ఊపుకుంటూ మీదకెళ్తాడు. మావాడు కళ్ళు తెరిచి, వెనక్కి కాదు, పక్కకి జరగాలి, లేదా లోపలికి రావాలి. జరిగాక ఒకటి తగిలించాలి. కళ్ళు మూస్తే ఆరోజు మా నలుగురి గిన్నెలూ వాడే తోమాలి. మొదటి వారమంతా వాడే తోమాడు. ఒక దిండు చిరిగి దూది బయటకొచ్చింది, వార్డెన్ సార్‌కి ఇంకా చెప్పలేదు.

ఈ ఏడాది సెమీస్‌లో మళ్ళీ అదే గట్టి చెయ్యి. మేం ముగ్గురం బస్సుకి డబ్బులేసుకుని వెళ్ళాం. మొదటి రౌండులో రెండుసార్లు కళ్ళు మూశాడు, మాకు కనపడింది. రెండో రౌండులో ఒక కుడి చెయ్యి చెవి పక్క నుంచి పోయింది. మావాడు లోపలికి దూరి పొట్టలో ఒకటి ఇచ్చి పట్టేశాడు. మేం అరిచిన అరుపుకి పక్కోళ్ళు తిరిగి చూశారు. మూడో రౌండులో గట్టిగా తగిలింది. పట్టుకున్నాడు, వేలాడాడు, పడలేదు. ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు మావాడికిచ్చారు, ముగ్గురు వాడికి. ఓడిపోయాం. అవతలోడు వచ్చి మావాడి గ్లోవ్ తట్టి, "పోయినసారి నువ్వేనా?" అని అడిగాడు.

హాస్టల్‌కి వచ్చేసరికి మెస్ మూసేశారు. కింద రూం తమ్ముళ్ళు మా నలుగురికీ అన్నం, చారు దాచి ఉంచారు. మావాడికి పెదవి వాచిపోయి తినలేక తింటున్నాడు. తింటూనే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. ఈసారి బండి కాదు, బాక్సింగ్ అని చెప్పాడు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఆవిడ, "నువ్వేమైనా కొట్టావా లేదా?" అని అడిగింది.