ఎడమవైపు స్టీరింగ్

మా ఇంట్లో ముందరి అర్రలో టీవీ పైన ఒక ఫోటో ఉంది. వెనకంతా ఇసుక. ముందు తెల్ల టొయోటా హైలక్స్. దాని బానెట్ మీద ఒక చెయ్యి ఆనించి, కళ్లద్దాలు పెట్టుకుని మా బాపు. పోచంపాడ్ చుట్టుపక్కల ఊళ్లల్లో ఇట్లాంటి ఫోటో లేని ఇల్లు తక్కువ. కొందరివి బిల్డింగుల ముందు, కొందరివి ఒంటెల పక్కన. మా బాపుది బండితో.

చూసినవాళ్లు అది బాపు సొంత బండి అనుకునేవాళ్లు. మేమెవరం కాదనలేదు. అక్కను చూడ్డానికి వచ్చినప్పుడు అమ్మ ఆ ఫోటో ఎదురుగా కనిపించేటట్టు కుర్చీలు వేయించింది. బండి కఫీల్‌ది. బాపు పధ్నాలుగేళ్లు దాన్నీ, దానికి ముందు అట్లాంటిదే ఇంకోదాన్నీ నడిపాడు. బర్సీమ్ గడ్డి మోపులు, గొర్రెలు, నీళ్ల డ్రమ్ములు, ఎండకు పడిపోయిన మనుషులు, అన్నీ దాంట్లోనే మోశాడు.

సౌదీ పోకముందు బాపు బోధన్‌లో డీసీఎం మీద క్లీనర్, తర్వాత డ్రైవర్. ఫ్యాక్టరీ నుంచి చక్కెర బస్తాలు ఎత్తుకుని పోయేవాళ్లు. మన దగ్గర చిన్న లారీ ఏదైనా సరే డీసీఎమ్మే. పెళ్లికి డీసీఎం, గణేశ్ నిమజ్జనానికి డీసీఎం, ఇల్లు మారితే డీసీఎం. అది ఒక కంపెనీ పేరు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1980లలో విదేశీ బండ్లు నేరుగా దిగుమతి చేసుకోవడానికి వీల్లేని రోజుల్లో, జపాన్ కంపెనీలను ఇక్కడి కంపెనీలతో కలిపి చిన్న లారీలు చేయడానికి ప్రభుత్వం లైసెన్సులిచ్చింది. అట్లా నాలుగు జంటలు: డీసీఎం–టొయోటా, స్వరాజ్–మాజ్డా, ఐషర్–మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో ఆల్విన్–నిస్సాన్. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి, ఏటేటా కొన్నికొన్ని ఇక్కడివి. ఈలోపు యెన్ విలువ పెరిగింది. జపాన్ నుంచి తెచ్చే ప్రతి నట్టూ బరువైంది. ఆల్విన్ ప్లాంటు మహీంద్రా చేతికి పోయింది, డీసీఎం–టొయోటా 1990ల మధ్యలో డేవూ చేతికి. కంపెనీ పోయింది, పేరు మాత్రం మన నోళ్లల్లో మిగిలింది. ఇవాళ ఐషర్ బండిని కూడా డీసీఎం అనే అంటాం. ఒక దేశం తలుపులు ఎట్లా వేసుకుందో చెప్పే గుర్తు, మన నిమజ్జనం ఊరేగింపులో ప్రతి ఏడూ తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి బాపుకు టొయోటా అనే మాట సౌదీకి ముందే తెలుసు, డీసీఎం మూతి మీద చదివిన మాట. అందుకే దమ్మామ్‌లో మొదటిసారి హైలక్స్ తాళాలు చేతిలో పెట్టినప్పుడు, "మనోళ్ల బండే గదా" అనుకున్నాడట.

ఆ బండి సౌదీలో అంత మామూలు వస్తువు కావడం వెనక ఒక లెక్క ఉంది. 2003 నుంచి గల్ఫ్ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న దిగుమతి సుంకం 5 శాతం. వాళ్లకు అప్పట్లో కాపాడుకోవాల్సిన కార్ల ఫ్యాక్టరీలు లేవు. థాయ్‌లాండ్‌లో తయారైన హైలక్స్ ఓడ దిగి, దాదాపు అదే ధరకు ఎడారిలోకి పోతుంది. గొర్రెలు కాసేవాడి చేతిలో కూడా హైలక్స్ ఉంటుంది. ఇంకో సంగతి. 2004లో టొయోటా ఒకే చట్రం మీద కొత్త హైలక్స్‌నూ, ఇన్నోవానూ తెచ్చింది. మనకు 2005లో ఇన్నోవా వచ్చింది, హైలక్స్ రాలేదు. మా ఎమ్మెల్యే ఇన్నోవాలో తిరిగిన ఏళ్లల్లో బాపు దాని తోడబుట్టిన బండిలో గొర్రెలను తిప్పాడు.

2014లో ఒక రాత్రి బాపు ఫోన్ చేశాడు. నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్ మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నా.

"కఫీల్ కొత్త బండి తీసుకుంటుండు రా. గిది నాకు అగ్గువకే ఇస్తనంటుండు. మనకాడికి తేవొస్తదా? జర నెట్ల సూసి సెప్పు."

"రాదు బాపూ."

"సూడకుండనే సెప్తున్నవా?"

"చూసిన. రాదు. అదంతా పెద్దోళ్ల యవ్వారం."

చూడలేదు. మర్నాడు ఇంటర్నల్స్ ఉన్నాయి. అంతకంటే నిజం చెప్పాలంటే, ఆ బండి మా ఊళ్లో దిగడం అనే ఊహ నాకు నవ్వులాటగా అనిపించింది. బాపు ఇంకేం అడగలేదు. "సరే తియ్, తిన్నవా?" అన్నాడు.

రూల్స్ చదివింది ఆయన తిరిగొచ్చాక, 2015 చివర్లో. నేను చెప్పిన జవాబు తప్పు కాదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మూడేళ్లు దాటిన పాత బండిని దేశంలోకి రానివ్వరు. పాత కార్ల మీద సుంకం 2013 బడ్జెట్లో 125 శాతం చేశారు. ఇవన్నీ ఎట్లాగో దాటినా స్టీరింగ్ కుడివైపు ఉండాలి. గల్ఫ్ బండికి ఎడమవైపు. పధ్నాలుగేళ్లు నడిపిన బండి, సరిహద్దు దగ్గర, ఆయన కూర్చున్న సీటు వల్లనే ఆగిపోతుంది. ఇది నేను ఆ రాత్రే చదివి చెప్పి ఉంటే బాపు నవ్వేవాడు. ఆ నవ్వుకు నేను తోడుండేవాణ్ణి.

అప్పట్నుంచి నాకు సుంకాల పిచ్చి పట్టుకుంది. పోచంపాడ్ డ్యామ్‌కు నెహ్రూ 1963 జులై 26న శంకుస్థాపన చేశాడు, మా బళ్లో అందరికీ నోటికొచ్చిన తారీఖు. అదే ఏడాది డిసెంబర్‌లో, కెనడీ పోయి రెండు వారాలు కూడా కాకముందే, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. అమెరికా కోళ్లు అగ్గువగా వచ్చి పడుతున్నాయని యూరప్ దేశాలు వాటి మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా జాన్సన్ బంగాళాదుంప గంజిపొడి మీద, డెక్స్‌ట్రిన్ మీద, బ్రాందీ మీద, చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేశాడు. మిగిలినవి పోయాయి. ట్రక్కుల మీదిది అరవై ఏళ్లు దాటినా ఉంది. వాళ్లు దాన్ని కోడి పన్ను అనే పిలుస్తారు. కార్లకు చాలా ఏళ్లు 2.5 శాతమే ఉండేది కాబట్టి కంపెనీలు ట్రక్కును కారుగా చూపించడానికి పడ్డ తిప్పలు చూడాలి. సుబారు వాళ్లు తమ పికప్ వెనక డబ్బాలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్రయాణికుల బండి అన్నారు. ఫోర్డ్ టర్కీ నుంచి వ్యాన్లను వెనక సీట్లతో తెచ్చి, ఓడ దిగాక ఆ సీట్లు పీకేసేది. అది కోర్టు దాకా పోయి ఓడిపోయింది. మన దొంగ బిల్లుల ఆర్టీఓ ఏజెంట్లకేం తీసిపోరు.

మా చిన్నమ్మ కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాడికి ఇంటి ముందు ఫోర్డ్ ఎఫ్-150 ఉంది, మా ఊరి పాలకేంద్రం అంత ఉంటుంది. దాంట్లో వాడు కాస్ట్‌కో నుంచి బాస్మతి బస్తా తెస్తాడు. పోటీ లేని చోట బండ్లు అట్లా బలిసిపోతాయి. పెట్రోలు ధర, రోడ్ల వెడల్పు కూడా కారణాలే, కోళ్ల మీదే నెట్టేయడం అన్యాయం. కానీ 1990ల మధ్య నుంచి అమెరికాలో హైలక్స్ అమ్మరు. టొయోటా అక్కడివాళ్ల కోసం వేరే ట్రక్కులు, టెక్సస్‌లోనూ మెక్సికోలోనూ, చేస్తుంది. డాలర్లు ఎన్ని ఉన్నా వాడూ బాపు బండిని షోరూంలో కొనలేడు. ఈ సంగతి చెప్తే బాపు, "వానికేం గతి," అన్నాడు, నిజమైన జాలితో.

ఇక్కడ బాపు కొన్నది సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్, ఫైనాన్స్ మీద. బోధన్ చక్కెర లోడ్లు కొడదామని ఆయన ప్లాన్. పాత ఊరు, పాత దారులు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆ ఏప్రిల్‌లోనే కేంద్రం బయటి చక్కెర మీద సుంకం 25 నుంచి 40 శాతానికి పెంచింది. 2018 నాటికి అది 100 అయింది. బయటి చక్కెరను గుమ్మం దగ్గర ఆపారు సరే, లోపల మిషన్లు ఆగిపోయాయి. సుంకం గురించి గట్టిగా మాట్లాడే ఇరుపక్షాలనూ బోధన్ గేటు ముందు ఒక పూట నిలబెట్టాలని నా కోరిక. బాపు పసుపు లోడ్లకు మళ్లాడు. సీజన్లో మా వైపు ఊళ్ల నుంచి నిజామాబాద్ యార్డుకి, మిగతా రోజుల్లో మక్కలు, కంకర, ఏదైతే అది.

నేను బొలెరోని చిన్నచూపు చూసేవాణ్ణి, గోడ చాటున పెరిగిన బండి అని. బాపు ఒప్పుకోడు. "సౌదీల బండాగితే కంపెనీకి ఫోన్ జెయ్యాలె. ఈడ ఆర్మూర్ల పానా పట్టిన పోరడు ఎవడైనా బాగుజేస్తడు," అంటాడు. అదీ ఆ గోడ చేసిన పనే. బయటి బండి ఖరీదైతే లోపలి బండికి ఊరూరా మెకానిక్ పుడతాడు. ఇప్పుడు మన శ్రీసిటీలోనే 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారై, గల్ఫ్‌కి కూడా ఎగుమతి అవుతున్నాయి. మా ఊరి నుంచి పోయిన పిల్లగాడు అక్కడ నడిపేది తడ దగ్గర బిగించిన బండి కావచ్చు.

2022లో హైలక్స్ ఎట్టకేలకు ఇండియాకు వచ్చింది. మొదలే 33.99 లక్షలు. బాపు కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక షోరూంకి తీసుకుపోయాను. సేల్స్ పిల్లగాడు మా చెప్పుల వైపు ఒకసారి చూసి కూడా మర్యాదగానే తలుపు తీశాడు. బాపు బండి చుట్టూ తిరిగాడు. వెనక డబ్బాని అరచేత్తో తట్టి, ఎంత లోడ్ ఎత్తుతుందని అడిగాడు.

"ఇది లోడ్ కోసం కాదు సర్. లైఫ్‌స్టైల్ వెహికిల్. అర టన్ను లోపే."

బాపు నా వైపు చూశాడు. మా బొలెరో మీద పసుపు బస్తాలే అంతకు రెండింతలు పైన వేస్తాం. "గొర్లు గూడ ఎక్కయి," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు.

"కూర్చోండి సర్."

కూర్చున్నాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు, అద్దం సరిచేసుకున్నాడు. ఆయన కుడిచెయ్యి తనంత తానే కిందికి పోయి గేర్ కోసం వెతికింది. అక్కడ తలుపు ఉంది. చెయ్యి ఆ తలుపు మీదే కాసేపు ఉండిపోయింది. ఇంట్లో ఏడేళ్లుగా బొలెరో నడుపుతున్నాడు, ఎన్నడూ అట్లా కాలేదు.

"ఇటు పెట్టిండ్రు," అన్నాడు స్టీరింగ్ చూస్తూ.

నేను ఆ రాత్రి ఫోన్ సంగతి ఎత్తుదామనుకున్నాను. ఫోన్ చేసిన రోజు నేను చూడనేలేదు బాపూ, అని. సేల్స్ పిల్లగాడు ఫోన్ నంబర్ రాసివ్వమని కాగితం తెచ్చాడు. బాపు నా నంబర్ చెప్పాడు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు, బొలెరో క్లచ్ ప్లేట్ అరిగిందనీ, ఊరికి పోయినంక మార్పియ్యాలనీ చెప్తూ ఉన్నాడు.