ఆకుల్లేని పచ్చదనం

జైసల్మేర్ వెళ్లినవాళ్లు కోట చూస్తారు, హవేలీలు చూస్తారు, సాయంత్రానికి సమ్ ఇసుక దిబ్బల మీద ఒంటెనెక్కి ఫొటోలు దిగుతారు. ఊరి నుంచి నలభై కిలోమీటర్ల ఆ దారికి అటూ ఇటూ ఉన్న పొదల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఎండిన చీపురుకట్టల్ని ఇసుకలో గుచ్చినట్టుంటాయి మరి!

ఓసారి బండి ఆపించి దగ్గరగా చూడండి. ఆకుల్లేవు... కానీ కొమ్మ పచ్చగా ఉంది. అది కేర్. రాజస్థానీ భోజనంలో పేరున్న 'కేర్ సాంగ్రీ' కూరలో పడేది దీని కాయలే. (సాంగ్రీ అంటే దసరాకి మనం పూజించే జమ్మిచెట్టు కాయలు!) లేత కొమ్మలకి చిట్టి ఆకులొచ్చినా ఎక్కువకాలం నిలవవు. మొక్క ఆహారం వండుకోవాలంటే గాల్లోని కార్బన్ డై ఆక్సైడ్ కావాలి. దానికోసం ఆకు మీది సన్నటి రంధ్రాలు తెరిస్తే లోపలి నీరు ఆవిరైపోతుంది. ఏడాదంతా కలిపి 200 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన చోట ఆ ఖర్చు భరించడం కష్టం. అందుకే కేర్ వంటిల్లుని కొమ్మలోకి మార్చేసుకుంది.

దిబ్బల మీద పెరిగే ఫోగ్ ఇంకా గడుసుది. ఎండకి రంధ్రాలు మూసుకుంటే మామూలు మొక్కల్లో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గిపోయి, దాన్ని పట్టాల్సిన ఎంజైమ్ ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. కష్టపడి వండిందాంట్లో కొంత వృథా! ఫోగ్ అలా కానివ్వదు. ముందు వేరే ఎంజైమ్‌తో కార్బన్ డై ఆక్సైడ్‌ని పట్టి, లోపలి కణాల్లోకి చేరవేసి అక్కడ పోగేస్తుంది. రంధ్రాలు కాస్తే తెరిచినా పని నడిచిపోతుంది. దీన్ని 'సి4' పద్ధతి అంటారు. మన జొన్న, చెరకు చేసేదీ ఇదే. పొదల్లో మాత్రం అరుదు.

రాతిగుట్టల మీది థోర్, మన బొమ్మజెముడుకి చుట్టమే. అలాంటి కండగల కాండాలవి రాత్రి చల్లబడ్డాకే రంధ్రాలు తెరిచి, తెల్లారాక మూసేసి, దాచుకున్నదాంతో పగలు వండుకుంటాయి.

ఎండని ఇంతగా తట్టుకున్న ఫోగ్ ట్రాక్టరుకి మాత్రం ఓడిపోతోంది. దాని వేళ్ల బొగ్గుకి గిరాకీ ఎక్కువ. ఇందిరాగాంధీ కాల్వ నీళ్లొచ్చిన చోట్ల దిబ్బలు చదునై పొలాలయ్యాయి. కాల్వ వద్దని ఎవరంటారు? కానీ అక్కడి ఇసుకని ఎగిరిపోకుండా పట్టి ఉంచేవి ఆ వేళ్లే.

ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్తే ఫోగ్ మొగ్గ తొడుగుతుంది. ఊళ్లలో ఆ మొగ్గల్ని పెరుగులో కలిపి రైతా చేస్తారు, అడిగి చూడండి.