కాట్రేనికోన దారిలో తెగిన చైను

1996 నవంబరు 6వ తేదీన కోనసీమను తుఫాను ముంచిన సంగతి పెద్దలైన పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. అప్పటికి మేము చదువుకుంటున్నాము. కాట్రేనికోన దగ్గరున్న మా పెద్దమ్మ వాళ్ళ కబురు నాలుగు రోజులైనా తెలియలేదు. బస్సులు లేవు. మేమూ తమ్ముడూ ఒకే సైకిలు మీద బియ్యం, అగ్గిపెట్టెలు కట్టుకుని అమలాపురం నుండి బయలుదేరాము.

ముమ్మిడివరం దాటాక దారి పొడవునా కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. సైకిలు ఎత్తుకుని దాటడం, మళ్ళీ ఎక్కడం. వరి చేలు నేలకు అతుక్కుపోయాయి. ఎక్కడ చూసినా చచ్చిన పశువుల వాసన.

మా సైకిలు కూడా నీళ్ళలో నానినదే. చైను తుప్పుపట్టి బిగుసుకుపోతే ఇంత కొబ్బరి నూనె రాసి తెచ్చాము. అదీ మా తెలివి! ఒకచోట గట్టిగా తొక్కేసరికి లింకు రేకు విరిగి చైను రోడ్డు మీద పడింది.

పాక లేచిపోయిన ఒక పెద్దాయన చూసి, తన సామానులో వెదకి పానా, పెద్ద నట్టు, మేకు తెచ్చారు. మేకు మొనను రాతి మీద అరగదీసి మొద్దు చేశారు. నట్టు మీద లింకు పెట్టి, మేకు ఆనించి, రాతితో కొట్టారు.

"పిన్ను పూర్తిగా బయటికి రానివ్వకండి బాబూ, మళ్ళీ ఎక్కదు" అన్నారు.

విరిగిన లింకు, దాని పక్క లింకు తీసేస్తే చైను అంగుళం తగ్గింది. వెనుక చక్రం నట్లు వదులుచేసి అర అంగుళం ముందుకు జరిపారు. బిగుసుకున్న చోట చైనును అటూ ఇటూ వంచి సడలించారు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. అగ్గిపెట్టె మాత్రం ఒకటి అడిగారు.

పెద్దమ్మ వాళ్ళు బడిలో తలదాచుకున్నారు. అందరూ బ్రతికే ఉన్నారు.

తిరిగి వచ్చాక సైకిలు షాపులో స్కేలు పెట్టి చూపించారు. పిన్ను నుండి పిన్నుకు 24 లింకులు సరిగా 12 అంగుళాలుండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే చైను మార్చవలసిందే. మాది అంతకంటే సాగింది. ఫ్రీవీలు పళ్ళు కూడా అరిగాయి గనుక కొత్త చైను వాటిపై జారుతుందని రెండూ మార్పించారు. లాకు లింకు క్లిప్పు మూసిన వైపు చైను నడిచే దిక్కుకే ఉండాలని తమ్ముడికి రెండుసార్లు చెప్పారు.

ఆ పాత చైనును, కొత్త పాక తడికకు కట్టుకుంటానని పెద్దమ్మ అడిగి తీసుకుంది.