పీణ్యలో నాలుగు రోజులు

సెలవులకు పిల్లలతో బెంగుళూరు వెళ్ళి వచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, ఎక్కడ దిగారని. పీణ్యలో అన్నామంటే చాలు, అడిగినవారి ముఖం కొంచెం చిన్నబోతుంది. "అయ్యో, అది కార్ఖానాల పేట కదండీ, చూడడానికి అక్కడేముంది?" అంటారు. వారన్నది అబద్ధం కాదు. మన చెన్నపట్నం తెలుగువారిలో పీణ్యకు విహారం వెళ్ళిన కుటుంబం మాది ఒక్కటే అయినా ఆశ్చర్యం లేదు. అయినా ఆ నాలుగు రోజుల ముచ్చట మన పత్రిక పాఠకులతో చెప్పుకోవాలనిపించింది. ఎందుకో పోను పోను తెలుస్తుంది.

వెళ్ళడానికి గొప్ప కారణమేమీ లేదు. మా మరదలూ తోడల్లుడూ పదేళ్ళుగా పీణ్య రెండవ స్టేజీలో కాపురం ఉంటున్నారు. గుమాస్తా జీతానికి బెంగుళూరు హోటళ్ళు అందేవి కావు గనుక, ఉంటే వారింట్లోనే ఉండాలి. పిల్లలకు మూడు నెలల పరీక్షలు ముగిశాయి. మాకు ఆఫీసులో సెలవు మంజూరయింది. 2025 సెప్టెంబరు 30వ తేదీ ఉదయం మేమిద్దరం, మా అమ్మగారు, పదమూడేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. 1964 నుండి నడుస్తున్న ఆ బండి అంటే మా అమ్మగారికి చుట్టరికం ఉన్నంత అభిమానం. పులిహోర పొట్లాలు కాట్పాడి రాకముందే ఖర్చయిపోయాయి.

ఇక్కడ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మేము పదవ తరగతి వరకు తెలుగే మొదటి భాషగా చదువుకొన్నవాళ్ళం. మా పిల్లల కాలానికి ఆ వీలు తగ్గిపోయింది. 2006 చట్టం వచ్చిన తరువాత తమిళనాట బడులలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మంచిదే, ఉన్న ఊరి భాష రాకపోతే ఎలా? కాని బడిలో లేని తెలుగు ఇంట్లోనే నేర్పుకోవాలి. మా అమ్మాయికి మా అమ్మగారు పలక పట్టించి గుణింతాలూ వత్తులూ నేర్పారు. అబ్బాయి దగ్గర ఆవిడ పప్పులుడకలేదు. పలక చూపితే చాలు, వాడికి దాహం వేస్తుంది, కడుపు నొప్పి వస్తుంది, బంతి పిలుస్తుంది. "నాకు మాట్లాడ్డం వచ్చుగా నాయనమ్మా, చదవడమెందుకు?" అంటాడు. ఆవిడ ట్రంకు పెట్టెలో మా నాన్నగారు పెరంబూరు నుండి వ్రాసిన ఉత్తరాల కట్ట ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఊళ్ళో ఉన్నప్పటివి. ఏడాదికొకసారి ఎండకు పెట్టి, మళ్ళీ కట్టి దాస్తారు. "నా తరువాత వీటిని ఎవరు చదువుతారో" అని ఆ రోజున మాత్రం అంటారు. అది ఎవరికి తగలాలో వాడికి తగిలేది కాదు.

బెంగుళూరు స్టేషనులో దిగి, ప్రక్కనే ఉన్న మెజెస్టిక్ మెట్రోలోనికి వెళ్ళాము. మెట్రో మా పిల్లలకు వింత కాదు, చెన్నపట్నంలోనూ 2015 నుండి ఉంది. కాని ఈ ఊరి మెట్రోలో మా అమ్మాయికి వింతైనది ఒకటి కనబడింది. బోర్డుల మీద పైన కన్నడం, క్రింద ఇంగ్లీషు. మునుపు హిందీ కూడా ఉండేదట, జనం అభ్యంతరం చెప్పగా 2017లో తీసివేశారు. బండి భూగర్భంలో నుండి పైకి వచ్చిన కాసేపటికి అమ్మాయి గట్టిగా "రాజాజినగర" అని చదివింది. అబ్బాయి నమ్మలేదు. "క్రింద ఇంగ్లీషు చూచి చెబుతున్నావు" అన్నాడు. తరువాతి స్టేషనులో వాడు కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి ఇంగ్లీషు భాగం కనబడకుండా మూశాడు. అది "మహాలక్ష్మి" అంది. చెయ్యి తీసి చూస్తే మహాలక్ష్మే! "నీకు కన్నడం ఎప్పుడొచ్చింది?" అని వాడి ఆశ్చర్యం. "నాకు కన్నడం రాదు. నాకు తెలుగు వచ్చు" అంది.

పాఠకులలో పెద్దలకు తెలిసిన సంగతే ఇది. తెలుగు లిపీ కన్నడ లిపీ ఏడెనిమిది వందల ఏళ్ళ క్రిందటి వరకు దాదాపు ఒక్కటే. తరువాత దారులు చీలినా పోలిక చెడలేదు. ర, ల, న, గ, మ, ద వంటివి అక్కాచెల్లెళ్ళు. తలకట్టు మాత్రం మనది టిక్కు పెట్టినట్టుంటుంది, వారిది గీత గీచినట్టుంటుంది. క, త, శ దగ్గర మాత్రం మనవాళ్ళు తడబడతారు. ఇదంతా మేము వాడికి అప్పుడు చెప్పబోయాము. మా అమ్మగారు కళ్ళతోనే వద్దన్నారు. పాఠమని తెలిస్తే వాడికి దాహం వేస్తుంది కదా!

పీణ్య వచ్చేసరికి వాడికది ఆటయింది. "ముందిన నిల్దాణ" అని బండిలో వినబడే గొంతును అనుకరిస్తూ, ముందిన అంటే ముందున్నదేగా అని వాడే అర్థం చెప్పుకొన్నాడు. దిగినచోట బోర్డు చూచి, "ప పక్కన ఆ కొక్కెమేమిటి?" అని అక్కను అడిగాడు. మనం పకు గుడిదీర్ఘం పైనే పెడతాము. వారు దీర్ఘానికి వేరే గుర్తు ప్రక్కన పెడతారు. ణ క్రింద వ్రేలాడే య వత్తు ఇద్దరికీ ఒక్కటే. పీణ్య వాడు చదివిన మొదటి మాట అనవచ్చు, పేరు ముందే తెలిసి చదివినదైనా.

పీణ్యను గూర్చి రెండు మాటలు. 1970ల నుండి పెరిగిన ఈ పారిశ్రామిక వాడ ఆసియాలోనే పెద్ద వాటిలో ఒకటని చెబుతారు. అయితే పెద్ద కార్ఖానాలను ఊహించుకొని వెళితే నిరాశే. ఎక్కువ భాగం చిన్న చిన్న షెడ్లు: లేత్ మిషన్లు, పోత పని, పూత పని, దుస్తులు కుట్టే కంపెనీలు. షిఫ్టు వదిలినప్పుడు కుట్టు కంపెనీల ఆడవాళ్ళు వీధి నిండా నడుస్తూ ఉంటే, జాతర కదిలి వచ్చినట్టుంటుంది. అనంతపురం, మదనపల్లె వైపు తెలుగు వీధిలో ఎక్కడ నిలబడ్డా చెవిన పడుతుంది. మా తోడల్లుడిదీ మదనపల్లె వైపే.

ఆ సాయంత్రమే ఆయన పిల్లలను తమ షెడ్డుకు తీసికొనివెళ్ళారు. మరునాడు ఆయుధ పూజ గనుక పనులు సర్దుతున్నారు. ఒక్క లేత్ మాత్రం ఇంకా తిరుగుతూ ఉంది. పంపులలో వేసే బుష్షు ఒకటి చక్కుకు బిగించి, టూలు ఆనించగానే ఇనుము నూలులా లేచి, చుట్టలు చుట్టలుగా క్రింద పడింది. మా అబ్బాయి నోరు తెరచినవాడు తెరచినట్టే ఉన్నాడు. ఆయన మైక్రోమీటరుతో కొలిచి, "మిల్లీమీటరులో నూరవ వంతు తేడా వచ్చినా వెనక్కి పంపేస్తారు నాన్నా" అన్నారు. ఆయన చదువు ఎనిమిదవ తరగతి. నూరవ వంతు అంటే ఎంతో మా ఆఫీసులో ఎవరినైనా వ్రేళ్ళతో చూపమంటే చూపలేరు. చల్లారిన ఇనుప చుట్ట ఒకటి అబ్బాయి జేబులోనికి చేరింది. దానితో జేబు చిరిగి మా ఆవిడ కోపగించడం వేరే కథ.

మరునాడు, అక్టోబరు 1న, ఆ షెడ్డే గుర్తుపట్టరాకుండా మారిపోయింది. లేత్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గుమ్మానికి అరటి పిలకలు. కత్తెర, స్పానర్లు, మైక్రోమీటరు, యజమాని స్కూటరు అన్నిటికీ బొట్టే. హారతి అయిన తరువాత బూడిదగుమ్మడికాయలో కుంకుమ పోసి వాకిట్లో పగులగొట్టారు. అందరికీ బొరుగులు, పప్పులు, మిఠాయి పంచారు. ఆ పూట పీణ్య వీధులన్నీ పగిలిన గుమ్మడికాయలే, చూచి అడుగు వెయ్యాలి. మిషను ఒక్కసారి తిప్పమని మావాడు బతిమాలితే, "ఈ రోజు వాటికి సెలవు, ముట్టరాదు" అన్నారు వాళ్ళ బాబాయి. మిషన్లకు కూడా సెలవుంటుందా అని వాడు చాలాసేపు ఆలోచించాడు. గోడ మీద కట్టిన బట్ట చూచి తనకు తానే "పూజె" అని చదివి, "తప్పు వ్రాశారు, పూజ అని ఉండాలి" అన్నాడు. కన్నడంలో పూజెయే సరి అని బాబాయి నవ్వారు. మా అమ్మగారు ఆ మాట విననట్టే బొరుగులు తింటున్నారు. కాని ఒప్పు తెలిస్తేనే కదా తప్పు పట్టేది!

ఇంటికి వస్తూ ఒక పెద్ద ప్రహరీ ప్రక్కన ఆటో ఆపించారు. ఇస్రో వారి ఇస్ట్రాక్ అది. లోనికి పోనివ్వరు, చూచింది గోడే. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయలుదేరిన చంద్రయాన్-3ను ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుడి మీద దించింది ఈ గోడ లోపల కూర్చున్నవారే. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్‌ను అంగారకుడి చుట్టూ కక్ష్యలో పెట్టిందీ ఇక్కడి నుండే. శ్రీహరికోట మాకు దూరం కాదు. మబ్బు లేని రోజున రాకెట్టు పైకి పోవడం మా మేడ మీదికెక్కి పిల్లలు చూచినదే. "అక్కడ వదిలితే ఇక్కడ పట్టుకొంటారన్నమాట" అన్నాడు అబ్బాయి. అంతకంటే బాగా మేము చెప్పలేము.

రెండవ తేదీన ఊరు చూచాము. పీణ్య నుండి లాల్‌బాగ్‌కు బండి మారనక్కరలేదు. హైదరలీ 1760లో మొదలుపెట్టిన తోట. అద్దాల మేడకు 1889లో పునాది పడింది. పిల్లలకు పూల కంటే అక్కడి బండ నచ్చింది. దాని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలట. మా అమ్మగారు దాని మీద కూర్చొని కాళ్ళు ఒత్తుకొన్నారు. విధానసౌధ బయటి నుండే. తరువాత విశ్వేశ్వరయ్య మ్యూజియం. ఆయన పూర్వులది మన గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదును కాపాడే ఏర్పాట్లు చెప్పింది ఆయనే, గండిపేట చెరువు ఆ చలవే. ఆయన 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు, మ్యూజియాన్ని అదే ఏడు జూలై 14న నెహ్రూగారు ప్రారంభించారు. ఇంజన్ల గది నుండి మావాణ్ణి బయటికి తేవడానికి ఇద్దరం కావలసివచ్చింది. ఆటోవాడొకడు తిరుగు ప్రయాణానికి రెండింతలు అడిగాడు. ఏ పట్నమైనా అంతేలెండి.

దారిలో సాండల్ సోప్ ఫ్యాక్టరీ, యశవంతపుర, గొరగుంటెపాళ్య అని మావాడు వరుసగా చదువుతూ వచ్చాడు. ఇంగ్లీషు భాగం మూసే పని ఇప్పుడు అక్కది. తప్పులు లేవని కాదు, శ దగ్గర రెండుసార్లు పడ్డాడు. నగర, పుర అన్న తోకలు ముందే కంఠతా వచ్చేశాయి. మేము ఒక్క మాట అనలేదు.

బయలుదేరే రోజున ఉదయం జాలహళ్ళిలోని హెచ్‌.ఎం.టి. వారి మ్యూజియానికి వెళ్ళాము. 1953లో పుట్టిన కంపెనీ. 1961లో జపానువారి సిటిజన్‌తో కలిసి ఇక్కడ గడియారాలు చెయ్యడం మొదలుపెట్టింది. 2016లో ఆ పని ముగిసింది. అద్దాల వెనుక వరుసగా పెట్టిన వాచీలలో "జనతా" ముందు మా అమ్మగారు ఆగిపోయారు. "మీ తాతకు మా నాన్న పెళ్ళిలో పెట్టింది ఇదే" అన్నారు. అబ్బాయి అద్దానికి ముక్కు ఆనించి చూచి, "తాతకు ఇది కాక ఇంకేముండేవి?" అని అడిగాడు. "ఉత్తరాలున్నాయిగా" అన్నారు ఆవిడ. అంతే, ఇంకేమీ అనలేదు.

మధ్యాహ్నం మళ్ళీ బృందావన్ ఎక్కాము. బంగారుపేట దాటిన తరువాత ఈ రైలు మార్గం కాసేపు మన చిత్తూరు జిల్లాలో నుండి పోతుంది. ఆ కాసేపే స్టేషను బోర్డులు తెలుగులో ఉంటాయి. కుప్పం దగ్గర, సిగ్నలు కోసం కాబోలు, బండి నెమ్మదించింది. అబ్బాయి అలవాటు ప్రకారం ఇంగ్లీషు భాగం మీద అరచెయ్యి పెట్టి చూచాడు. "ప్పం" అన్నాడు. మొదటి అక్షరం చిక్కలేదు. కన్నడ క వేరు కదా!

"అది క. దానికి కొమ్ము" అన్నారు మా అమ్మగారు. "మీ తాత పేరులో మొదటి అక్షరం."

వాడు అద్దం మీద వ్రేలితో దానిని రెండుసార్లు దిద్దాడు. బండి వేగం పుంజుకొంది. తరువాత వచ్చేది మల్లానూరు, ఆంధ్రలో చివరిది. బోర్డు వచ్చింది, పోయింది. ఈసారి వాడు ఎవరినీ అడగలేదు. "మల్లానూరు" అని, నాయనమ్మ వైపు తిరిగి, "ఆ ఉత్తరాలలో పెద్ద అక్షరాలా, చిన్నవా?" అన్నాడు.