యోబు వాద్యాలు

మా యింటి ముందుగదిలో విలియం బ్లేక్ చిత్రానికి ఒక నకలు ఉండేది. బైబిలులోని యోబు కథకు అతడు చెక్కిన 21 చిత్రాలలో అది చివరిది. నాకంటె వయస్సులోనూ, ఉద్యమంలోనూ పెద్దవారైన సహాధ్యాపకులొకరు దానిని చూచి, "ఏమోయ్, నీ గోడమీదికి కూడా దేవుడు దిగాడా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రే దాన్ని దింపి బీరువా వెనుక పెట్టాను. అది నా విమర్శనాదృష్టి అనుకున్నాను. నిజానికది భయం.

మొన్న వెల్ల వేయించేందుకు బీరువా జరిపితే చిత్రం బయటపడింది. ఈసారి కింద ఉన్న సంతకం చదివాను. ఈనాడు ధర పెంచటానికి అంచున పెన్సిలుతో చేసే సంతకం వంటిది కాదది. రాగి రేకులోనే అక్షరాలు తిరగవేసి ఉలితో చెక్కినది. ఊహించినదీ, చెక్కినదీ తానేనని లాటిన్ పొడి అక్షరాలలో చెబుతుంది.

1772లో, పధ్నాలుగేళ్ళ వయస్సులో, బ్లేక్ చెక్కుడు పనిలో శిష్యరికానికి చేరాడు. బ్రతుకులో చాలాభాగం ఇతరులు గీసిన బొమ్మలను చెక్కి పొట్ట పోసుకున్నాడు. ఊహ ఒకరిది, చెయ్యి ఒకరిది. గౌరవం ఊహకు, కూలి చేతికి. యోబు రేకులలో ఆ రెండూ ఒక్క మనిషివే. 1823లో జాన్ లిన్నెల్ అనే చిత్రకారుడు ఆ పని అతనికి ఒప్పగించాడు. ప్రతిఫలం 100 పౌన్లు. లాభం వస్తే మరో 100. పుస్తకం 1826లో వెలువడింది. లాభం రాలేదు. మరుసటి యేడు బ్లేక్ చనిపోయాడు.

మొదటి చిత్రంలో యోబు దంపతులు చెట్టు కింద గ్రంథాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. వాద్యాలు కొమ్మలకు వ్రేలాడుతున్నాయి. పొద్దు కుంకుతున్నది. తర్వాత సంపద పోయింది, బిడ్డలు పోయారు, రోగం వచ్చింది. ఓదార్చవచ్చిన మిత్రులే పాపమంతా నీదన్నారు. చివరి చిత్రంలో అదే చెట్టు కింద అందరూ లేచి నిలబడి వాద్యాలు వాయిస్తున్నారు. పొద్దు పొడుస్తున్నది. చెట్టుకు వ్రేలాడే ఆ వాద్యాలు యోబు గ్రంథంలో లేవు. అవి బ్లేక్ తెచ్చి తగిలించినవి.

గ్రంథం ఒళ్ళో పెట్టుకొని వాద్యాన్ని చెట్టుకు తగిలించినవారిలో నేనూ ఒకణ్ణి. నా గ్రంథం వేరు, అంతే.

చిత్రం మళ్ళీ గోడకెక్కింది. ఆ పెద్దాయన వచ్చినప్పుడు సంతకం చూపి ఈ కథంతా చెప్పాను. ఒప్పుకున్నారనలేను. వెళ్ళబోతూ, "ఆ మొదటి బొమ్మ కూడా ఒకసారి చూపించు" అన్నారు.